పశ్చిమోత్తానాసనం వేశాక కాలి లాగుడు పెరిగితే

కుడి పిరుదు నుంచి పిక్క దాకా లాగుతోందని, వారంగా పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే ఆసనం) వేస్తుంటే ఇంకా ఎక్కువైందని రాశారు కదండీ. ముందు ఆ ఆసనం ఆపేయండి. ముందుకు వంగినప్పుడు డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) వెనక్కి, నరం వైపు ఒత్తుతుంది. మోకాళ్లు చాపి ఉంచితే నడుము నుంచి పిరుదు మీదుగా కాలిలోకి దిగే సయాటిక్ నరం కూడా సాగుతుంది. కండరం పట్టేసిందనుకుని లాగేకొద్దీ నరం రేగుతుంది.

బదులుగా చాప మీద బోర్లా 2 నిమిషాలు పడుకోండి. తర్వాత మోచేతులు భుజాల కిందికి తెచ్చి ఛాతీ మాత్రమే లేపండి. పిరుదులు బిగించొద్దు, బొడ్డు కింది భాగం నేలకే ఆని ఉండాలి. 10 మెల్లని శ్వాసలు, రోజుకు 3, 4 సార్లు. నొప్పి పిక్కలోంచి తొడకి, పిరుదుకి జరిగితే, నడుములో కాస్త పెరిగినా సరే, మంచి గుర్తే. పాదం వైపు దిగుతుంటే మాత్రం ఆపేయాలి. (వంగితే హాయిగా, నడిస్తే నొప్పిగా ఉండే పెద్దవాళ్లకి ఇది పడకపోవచ్చు.)

వెల్లకిలా పడుకుని, తొడని వెనక నుంచి పట్టుకుని మోకాలు నెమ్మదిగా చాపండి. లాగుడు మొదలవగానే మడిచేయండి, పట్టి ఉంచకూడదు. 10 సార్లు చాలు. అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి, వెనక జేబులో పర్సు ఉంటే తీసేయండి.

మూత్రం బిగుసుకున్నా, అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.