ఫ్రీ, ప్రియం ఒకే ఇంటివి

సందేహం: దుకాణాల ముందు 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని బోర్డులు పెడుతున్నారు. ఉచితమంటే తగినది కదా! ఇంగ్లీషు 'ఫ్రీ'కి ఆ మాట వాడడం తప్పు కాదా?

సమాధానం: మీ అనుమానం సబబే. సముచితం, ఉచితానుచితాలు అన్నప్పుడు మనకూ తగినదనే అర్థం. హిందీలో 'ఉచిత్' ఇప్పటికీ అంతే. కానీ తెలుగువారికీ కన్నడిగులకూ వెల లేనిదనే అర్థం బాగా స్థిరపడిపోయింది. దాన్ని తప్పని కొట్టేయడానికి నాకు మనసొప్పదు.

అసలు ముచ్చట 'ఫ్రీ' పుట్టుకలో ఉంది. సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటల్లో, సంస్కృతంలో మొదట 'ప' ఉంటే ఇంగ్లీషులో 'ఫ' వినిపిస్తుంది: పితృ–ఫాదర్, పాద–ఫుట్, పంచ–ఫైవ్. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో ఈ మార్పును సూత్రీకరించాడు. ప్రియ–ఫ్రీ కూడా ఆ వరసలోవే, ఒక తల్లి బిడ్డలే. ఇంగ్లీషుకు మూలమైన భాష మాట్లాడిన ప్రాచీన జర్మానిక్ జనుల ఇళ్లలో అయినవాళ్లతోపాటు బానిసలూ ఉండేవారు. ప్రియమైనవాళ్లంటే ఇంటివాళ్లు, అంటే బానిసలు కానివాళ్లు. అలా ప్రేమను చెప్పే మాట స్వేచ్ఛకు పేరైందని పండితులు వివరిస్తారు. 'ఫ్రెండ్' కూడా ఆ కుదురులోదే. డబ్బు ఇవ్వక్కరలేదన్న అర్థం చాలా తరవాత వచ్చి చేరింది. మరి మన దగ్గర? కందిపప్పు ధర పెరిగితే 'ప్రియమైంది' అంటాం, తెలంగాణలో 'పిరమైంది' అంటారు. ఒకే మూలం అక్కడ వెల లేనిదైంది, ఇక్కడ వెల ఎక్కువైనదైంది! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

'ఫ్రీ'కి అన్నిచోట్లా ఒకే అర్థం కాదు. 'ఫ్రీగా ఉన్నారా' అంటే తీరిక. 'ఫ్రీగా మాట్లాడు' అంటే మొహమాటం లేకుండా.

నా కోపమంతా ఆలోచించకుండా రాసేవారి మీద. మొన్న ఒక మిఠాయి పెట్టె మీద 'షుగర్ ఫ్రీ' కింద 'చక్కెర ఉచితం' అని అచ్చువేశారు. మధుమేహం ఉన్న మనిషి అది చదివి ఏమనుకోవాలి? అక్కడ రాయవలసింది 'చక్కెర లేనిది'. ఒక్కసారి పైకి చదువుకున్నా తప్పు దొరికేది.

బోర్డుల మీద ఉచితాన్ని ఉండనీయవచ్చు. 'ఊరికే' అన్నా నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మాటకు కారణం లేకుండా అనే అర్థమూ ఉంది. పోతన 'ఊరక రారు మహాత్ములు' అన్నది ఆ అర్థంలోనే. 'తేరగా' అంటే కాస్త చులకన ధ్వనిస్తుంది. కూరగాయల బండి దగ్గర తూకం అయ్యాక సంచిలో వేసే నాలుగు కరివేపాకు రెబ్బలను మాత్రం 'ఫ్రీ' అనకండి. దానికి 'కొసరు' అనే చక్కని మాట ఉంది.