జీటీ 710 కార్డుతో లైనక్స్ మింట్‌లో తెర చిరగడం, నల్లబడటం: సమాధానం

తమ్ముడూ, వీడియో ఆడుతుంటే తెర అడ్డంగా తెగుతోందని కొత్త డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) వేశావు, ఇప్పుడు కడపలో మీ షాపు సిస్టమ్ నల్ల తెర చూపిస్తోంది. కార్డు పాడైందని భయపడొద్దు. జీటీ 710 ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు, కెప్లర్ అనే పాత తరానిది. ఎన్విడియా 470 శ్రేణితోనే ఆ తరానికి డ్రైవర్లు ఆపేసింది. నువ్వు వేసింది అంతకంటే కొత్తది, అందుకే తెర రాలేదు.

సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ పట్టుకో, లేదా ఎస్కేప్ నొక్కు. గ్రబ్ మెనూలో (సిస్టమ్ ఎలా మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, తర్వాత రెజ్యూమ్. తెర ముతకగా వచ్చినా ఫర్వాలేదు. డ్రైవర్ మేనేజర్ తెరిచి 470 ఎంచుకుని రీస్టార్ట్ చెయ్యి.

ఇక తెగడం సంగతి. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు పై నుంచి కిందికి బొమ్మ గీస్తుంది. సగంలో ఉండగానే కార్డు కొత్త బొమ్మ అందిస్తే పైన పాతది, కింద కొత్తది కనిపిస్తాయి. ఎన్విడియా సెట్టింగ్స్‌లో ఎక్స్ సర్వర్ డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌కు పోయి, అడ్వాన్స్‌డ్ నొక్కి, ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్‌కు (బొమ్మ తెగకుండా చూసే సెట్టింగ్) టిక్ పెట్టు. కర్నూలులో మా ఇంటి సిస్టమ్‌కు ఇదే కుదిరింది. ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో (తెర సెట్టింగులు దాచే ఫైల్) సేవ్ చెయ్యడం మరవొద్దు, లేకుంటే రేపు పొద్దున మళ్లీ మొదటికొస్తుంది. సేవ్ కాకుంటే అదే ప్రోగ్రామ్‌ను రూట్ (అడ్మిన్) అనుమతితో తెరువు.

మళ్లీ డ్రైవర్ ముట్టుకునే ముందు టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి ఇప్పటి స్థితి కాపీ) తీసిపెట్టుకో. 470 వేశాక కూడా తెర రాకపోతే బయోస్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ, ఆన్‌లో ఉందేమో చూసి చెప్పు.