బిల్లు కౌంటర్ దగ్గర్నే చూస్కోండి

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ నయీంనగర్. బతుకమ్మకు ముందు సామాన్లకని పెద్ద మార్ట్‌కి పోయినం. ర్యాక్ మీద నూనె ప్యాకెట్‌కి ఒక రేటు ఉంది, ఇంటికొచ్చి బిల్లు చూస్తే ఐదు ప్యాకెట్ల మీద 60 రూపాయలు ఎక్కువ పడ్డయ్. మళ్ళ పోయి అడిగితే సిస్టమ్‌ల గదే రేటు ఉంది మేడం అన్నరు. పైగా సంచికి 12 రూపాయలు ఏసిన్రు. మా ఆయనేమో 60 రూపాయలకు లొల్లి ఎందుకు అంటడు. అడిగితే తప్పా?

జవాబు: తప్పేం లేదు చెల్లె, అడగాల్సిందే. నీకు పోయింది 60 రూపాయలే కావచ్చు గానీ ఆ రోజు ఆ నూనె తీస్కున్న అందరికీ అట్లనే పడి ఉంటది. అసలు ఏమైతదంటే ఆఫర్ అయిపోంగనే కంప్యూటర్ల రేటు మారుస్తరు, ర్యాక్‌కి అంటించిన చీటీ మాత్రం ఎవరూ తీయరు, స్కానర్‌కి చీటీతో పని లేదు కదా, కంప్యూటర్ల ఏది ఉంటే అదే కొడ్తది. ఎమ్మార్పీ కంటే తక్కువనే కదా అని వాళ్ళు వాదిస్తరు, కానీ ఒక రేటు చూపెట్టి ఇంకో రేటు తీస్కుంటే ధర విషయంల జనాన్ని తప్పుదోవ పట్టించినట్టే, 2019 వినియోగదారుల చట్టం దీన్ని ఒప్పుకోదు.

నాకూ కాజీపేటల ఒక దుకాణంల కందిపప్పు మీద ఇట్లనే అయింది. అప్పట్నుంచి ఆఫర్ సామాను బుట్టల ఏసేముందు ర్యాక్ చీటీని ఫోన్ల ఫొటో తీస్త, కౌంటర్ కాడ స్క్రీన్ దిక్కే చూస్కుంట నిలబడ్త. రేటు తేడా వస్తే బిల్లు కొట్టే పిల్లగాని మీద అరవొద్దు, రేట్లు పెట్టేది అతను కాదు, మేనేజర్‌ని పిలిచి ఫొటో చూపెట్టు. బిల్లుకు కూడా అదే రోజు ఫొటో తీయ్, ఆ కాయితం బీరువాల రెండు నెలలుంటే అక్షరాలు తెల్లగైపోతయ్.

సంచి సంగతి, 2020 డిసెంబర్‌ల జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది, ముందే తెలిసేటట్టు చెప్పకుండా తీరా కౌంటర్ కాడ సంచికి పైసలు అడగడం తప్పు అని. లోపలికి పోంగనే కనబడేటట్టు బోర్డు ఉందా లేదా చూడు.

నూనె అన్నవు కాబట్టి ఇంకోటి చెప్త. లీటరు నూనె తూకం దాదాపు 910 గ్రాములు ఉంటది, దాని పక్కనే 850 గ్రాముల ప్యాకెట్ పెడ్తరు, చూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయ్, అగ్గువకు వచ్చిందని మనం తెచ్చుకుంటం. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడ్తదో కూడా రాస్తున్నరు, సన్నటి అక్షరాలుంటయ్ గానీ అది చదివితే ఏది అగ్గువనో తేలిపోతది.

ప్రశ్న: మాది పరకాల. యాప్‌ల మిక్సీ తెప్పించుకుంటే జార్ పగిలి వచ్చింది. ఊరికి పోయి వారం తర్వాత డబ్బా విప్పిన, రిటర్న్ టైమ్ అయిపోయిందంటున్నరు. ఏం జెయ్యాలె?

జవాబు: టైమ్ అయిపోయిందని పగిలిన సామాను వాపస్ తీస్కోకుండా తప్పించుకోలేరు. యాప్‌ల చాట్ చేసుడు బంద్ చెయ్యండి, అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) అని పేరు, మెయిల్ ఉంటయ్, ఫొటోలు పెట్టి దానికి రాయండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలె, నెలలోపల తేల్చాలె. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగుల మాట్లాడొచ్చు. దానికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ బెంగళూర్ల ఉన్నా మీరుండే జిల్లాలనే కేసు ఎయ్యొచ్చు, 5 లక్షల లోపు సామానుకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాల్సిన పని కూడా లేదు, టైమ్ రెండేండ్లు ఉంది. ఇకనుంచి డబ్బా రాంగనే విప్పండి, విప్పేటప్పుడు అడ్రస్ చీటీ కనబడేటట్టు ఒక్కటే వీడియో తీయండి, మధ్యల ఆపొద్దు.

ప్రశ్న: ఫోన్ నంబర్ చెప్తేనే బిల్లు కొడ్తం అంటున్నరు. ఇయ్యాల్నా? (జనగామ)

జవాబు: ఇయ్యనవసరం లేదు. నంబర్ కోసం బలవంతపెట్టొద్దని 2023 మే నెలలనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. నంబర్ లేకుండనే కొట్టమని మెల్లగ చెప్పండి, కొడ్తరు.