బిల్లు ఉంటే చాలా? పిగ్మీ ఊసరవెల్లి పెంపకంపై చట్టం

సందేహం: మాది హైదరాబాద్. ఆన్‌లైన్‌లో ఒకతను ఆఫ్రికా పిగ్మీ ఊసరవెల్లుల జత అమ్ముతానంటున్నాడు. "మన దేశపు జంతువు కాదు కాబట్టి అటవీ చట్టం వర్తించదు, బిల్లు కూడా ఇస్తా" అంటున్నాడు. మా అబ్బాయి కావాలని పట్టుబడుతున్నాడు. కొనవచ్చా?

సమాధానం: అమ్మా, అతను ఇచ్చే బిల్లు ఒక్కటే చూసి కొనకండి. విదేశీ జంతువులకు మన చట్టం వర్తించదన్న మాటకు ఒకప్పుడు కొంత ఆధారం ఉండేది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో అది పోయింది. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కిందకు వచ్చే విదేశీ జీవులన్నీ ఇప్పుడు చట్టంలోని నాలుగో షెడ్యూల్‌లో ఉన్నాయి. టాంజానియా, కెన్యా ప్రాంతాల పిగ్మీ ఊసరవెల్లులు, అంటే రాంఫోలియన్, రీపెలియన్ జాతులు, 2017 జనవరి నుంచి సైటిస్ రెండో అనుబంధంలోనే, అంటే పర్మిట్‌తోనే దేశాల మధ్య అమ్మదగ్గ జీవుల జాబితాలో ఉన్నాయి.

సెక్షన్ 49ఎం ప్రకారం ఇలాంటి జీవి ఎవరి దగ్గరున్నా నమోదు చేయించాల్సిందే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలు అందుకు ఆరు నెలల గడువిచ్చాయి. ఆ తర్వాత చేతికి వచ్చినవాటిని 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర వన్యప్రాణి విభాగపు అధిపతి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి. ఉల్లంఘిస్తే సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అందుకే అమ్మేవాడిని ముందుగా అతని పేరు మీదున్న నమోదు ధ్రువపత్రం అడగండి. విదేశం నుంచి తెచ్చినవైతే ఎగుమతి దేశపు సైటిస్ పర్మిట్, దిగుమతి లైసెన్సు, కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) చూడాలి. ఇక్కడే పుట్టినవంటే తల్లిదండ్రుల నమోదు, పిల్లలు పుట్టినట్టు ఇచ్చిన సమాచారం చూడాలి. కాగితం మీది శాస్త్రీయ నామం, సంఖ్య ఎదురుగా ఉన్న జంతువులతో సరిపోవాలి. 'రీపెలియన్ బ్రెవికాడేటస్' అమ్ముతూ వేరే ఊసరవెల్లి పర్మిట్ చూపిస్తే అది మీకు పనికిరాదు. దొంగచాటుగా వచ్చిన సరుకైతే కస్టమ్స్ చట్టం కింద జప్తు కూడా తప్పదు. చెట్టు మీద దొరికే మన ఊసరవెల్లిని పట్టుకుందామా అంటే అదీ కుదరదు. దానికీ రక్షణ ఉంది, పట్టుకోవడమే వేట కిందకు వస్తుంది.

కాగితాలు సరిగ్గా ఉన్నా ఇంకో చట్టం మీ మీద ఉంటుంది. జంతు హింస నిరోధక చట్టం, 1960లో సెక్షన్ 3 ప్రకారం జంతువు సంక్షేమం చూసే బాధ్యత దాన్ని పెంచేవారిదే. చాలని బోనులో ఉంచడం, తిండీ నీళ్లూ సరిగా ఇవ్వకపోవడం సెక్షన్ 11 కింద నేరం. ఈ జీవి విషయంలో ఆ బాధ్యత మామూలుది కాదు. ఎదిగినా మూడు అంగుళాలు దాటడం కష్టం. దానికి 20 నుంచి 24 డిగ్రీల చల్లదనం కావాలి, 27 దాటితే ఇబ్బంది పడుతుంది. హైదరాబాద్ మే నెలలో రాత్రీపగలూ ఏసీ వేయాల్సిందే, కరెంటు పోతే ప్రత్యామ్నాయమూ ఉండాలి. జతకు కనీసం 30×30×45 సెంటీమీటర్ల, గాలి ఆడే పెట్టె కావాలి. అడుగున మట్టి, ఎండుటాకుల పొర వేయాలి. గిన్నెలో నీళ్లు పెడితే తాగడం తెలియక ఎండిపోతుంది, అది ఆకుల మీది చుక్కలే నాకుతుంది. కాబట్టి రోజుకు రెండుసార్లు సన్నగా పిచికారీ చేయాలి, మధ్యలో కాస్త ఆరనివ్వాలి. కళ్లు లోపలికి పోతే ఒంట్లో నీరు తగ్గినట్టు. తిండికి పండ్ల ఈగలు, చిన్న కీచురాళ్లు ప్రాణంతో ఇవ్వాలి, వాటికి కాల్షియం పొడి అద్దాలి. అడవిలో పట్టినవి కడుపులో పరాన్నజీవులతో వస్తాయి. వాటికి వైద్యం చేయగల పశువైద్యుడు మీకు అందుబాటులో ఉన్నాడో లేదో కొనకముందే తెలుసుకోండి.

గర్భంతో వచ్చిన ఆడది మీకు తెలియకుండానే ఆ మట్టిలో గుడ్లు పెట్టవచ్చు. పిల్లలు కనిపిస్తే అదీ నమోదు చేయించాలి.

ఇప్పటికే కొనేసి ఉంటే దాచకండి, వేరేవారికి అమ్మకండి. అనంతగిరి కొండల్లో వదిలేద్దామనుకోకండి. మన ఎండకు బతకదు, నేరమూ పోదు. 30 రోజులు దాటకపోతే ఈరోజే దరఖాస్తు పెట్టండి. దాటితే ముందు న్యాయవాదిని కలిసి, ఆ తర్వాతే డీఎఫ్ఓకు (జిల్లా అటవీ అధికారికి) రాతపూర్వకంగా తెలపండి. మీరు రాసే ప్రతి వాక్యం రేపు మీ ఒప్పుకోలుగా కోర్టులో చదవవచ్చు.

అది చనిపోయినా తెలపాలి. పూలకుండీలో పూడ్చకుండా తేదీతో ఫొటో తీసి, పశువైద్యుడి దగ్గర ధ్రువపత్రం తీసుకోండి.