శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ కాకుండా చూడ్డానికి ఏమున్నాయి?

చాలామంది తిరుపతి నుంచి బస్సెక్కి వచ్చి, పూజ ముగించుకుని, అట్నుంచటే వెళ్ళిపోతారు. గుడి చూడాల్సిందే, కాదనను. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010లో కూలింది, ఇప్పుడున్నది కొత్తది. కానీ ఊరి అసలు సొగసు కలంకారీది. గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళలో వెదురు కలం ముంచి గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డ తగలగానే గీత నల్లబడుతుంది! మచిలీపట్నంలోలా అచ్చులుండవు, అంతా చేతిగీతే. బజారులో అచ్చు గుడ్డలు కూడా ఇదే పేరుతో అమ్ముతారు, కొనేముందు అడగండి. ఓపికుంటే కన్నప్ప కొండెక్కండి, ఊరూ స్వర్ణముఖీ కనబడతాయి. ఎండాకాలమైతే ఏట్లో ఇసుకే.