లోపలికి వెళ్లకపోతే ఓడ డైవింగ్ దండగా?

మునిగిన ఓడ దాకా వెళ్లి, లోపలికి దూరకుండా వస్తే డబ్బు దండగే కదా అని అడిగారు. కానే కాదు. అలా అనేవారిలో చాలామంది ఓడను బయటినుంచి కూడా సరిగ్గా చూసి ఉండరు.

నేను చూసింది ఫ్లోరిడాలోని కీ లార్గో దగ్గరున్న స్పీగెల్ గ్రోవ్. 510 అడుగుల పాత అమెరికా నౌకాదళ ఓడ. చేపలకు, పగడాలకు నెలవుగా ఉంటుందని 2002లో కావాలనే ముంచారు. అది ముహూర్తానికి ముందే తిరగబడి, ముందుభాగం నీటిపైనే ఉండిపోయింది. నానా తంటాలు పడి పక్కకు పడుకోబెట్టారు. చివరికి 2005లో డెన్నిస్ తుఫాను వచ్చి నిటారుగా నిలబెట్టింది!

నేను దిగిన రోజు ప్రవాహం జోరుగా ఉంది. నీటిపై తేలే బోయా నుంచి ఓడదాకా దిగే తాడు పట్టుకుంటే ఒళ్లంతా జెండాలా రెపరెపలాడింది. ఓడ గోడ చాటుకు చేరాక గానీ ఊపిరి కుదుటపడలేదు. చుట్టూ ఒకటే నీలిబూడిద రంగు. టార్చి వేస్తే ఇనుప కమ్మీల మీద స్పాంజీలు ఎర్రగా, నారింజగా వెలిగాయి. అంత లోతుకు ఎండలోని ఎరుపు దిగదు. టార్చి లేనివారికి అదంతా ఉత్త తుప్పే.

ఇంతలో మా బోటులో వచ్చిన ఒకాయన, కర్రకు తగిలించిన కెమెరాను ముందుకు చాచి ఒక గుమ్మంలోకి దూరాడు. కాళ్లకు తొడిగిన ఫిన్ల తాకిడికి లోపలి మడ్డి లేచి గుమ్మమే కనబడకుండా పోయింది. గైడు సిలిండరు మీద టంగుటంగుమని కొట్టి, లాభం లేక కాలు పట్టి బయటికి లాగాడు. 2007లో ఇదే ఓడ లోపలికి వెళ్లిన ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ కెమెరా కర్రలను బోటు ఎక్కనివ్వకూడదు. అవి చేతిలో ఉన్నవారు గాలి మీటరు చూడరు, పక్కవాడినీ చూడరు. పైకి వచ్చాక ఆ పెద్దమనిషి వీడియో అందరికీ చూపించాడు. నిండా మడ్డే.

మీకున్నది ప్రాథమిక డైవింగ్ సర్టిఫికెట్ అన్నారు. దాని హద్దు 60 అడుగుల లోతు; ఈ ఓడ పైభాగం మొదలయ్యేదే దాదాపు అక్కడ, కిందిభాగం 130 అడుగుల దగ్గర. ముందు అడ్వాన్స్‌డ్ కోర్సు చేయండి. వంద అడుగుల లోతులో గాలి, ఉపరితలంతో పోలిస్తే నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. లోపలికి వెళ్లాలంటే వేరే శిక్షణ, తిరిగొచ్చే దారి చూపే తాడు, అదనపు గాలి కావాలి. టార్చి మాత్రం సొంతది కొనుక్కోండి. అద్దెకిచ్చే వాటిలో ఛార్జింగ్ ఉంటుందని నమ్మకండి.