సీసా మూత తీసిన తారీఖు రాసుకో అమ్మలూ

విజయవాడ, సత్యనారాయణపురం

అమ్మలూ,

గుంటూరు మిర్చి ల్యాబ్‌లో చేరి నెల తిరక్కుండానే సాల్వెంట్ల (పరీక్షల్లో వాడే ద్రావకాల) గది తాళాలు నీ చేతికిచ్చారని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది, భయమూ వేసింది. 30 ఏళ్లు ఆ గదుల్లోనే మసిలినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోతున్నాను. మిషన్ల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. సీసాల సంగతి మాత్రం మావయ్య మాట విను.

ముందు నా తప్పు చెబుతాను. పురుగుమందుల అవశేషాలు చూసే పని నా చేతిలో ఉన్న రోజులు. ఒక వారం వరసగా మూడు మిర్చి శాంపిళ్లలో ఇథియాన్ అనే పురుగుమందు కనబడింది. మూడూ వేర్వేరు ఊళ్ల సరుకు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. రెండు రిపోర్టుల మీద సంతకం పెట్టి పంపేశాను. మూడో రైతు మందుల కొట్టు బిల్లులన్నీ సంచిలో వేసుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "ఈ ఏడు ఆ మందు కొట్టనే లేదయ్యా, మళ్లీ ఒక్కసారి చూడండి" అన్నాడు. ఆ సాయంత్రం మిరపపొడి అసలు వెయ్యకుండా మేం వాడే సాల్వెంట్ హెక్సేన్‌నే ఉత్తగా మొత్తం పద్ధతి గుండా నడిపాను. ఇథియాన్ చూపే అదే పీక్ (గ్రాఫులో లేచే మొన), అదే చోట నిలబడింది. ఇథియాన్ స్టాండర్డ్ (పోల్చి చూసే ద్రావణం) కలిపిన కుర్రాడు బీకర్లో మిగిలిన హెక్సేన్‌ను పారబొయ్యడం దేనికని సీసాలోకి ఒంపేశాడు. ఆ బీకర్లో అంతకుముందే స్టాండర్డ్ అంటిన పిపెట్ ముంచాడు. ఆ అంటింది ఎంతని? కంటికి ఆనదు. కానీ మనం 300 మిల్లీలీటర్లు ఆవిరి చేసి 2 మిల్లీలీటర్లకు దించుతాం, అంటే సాల్వెంట్‌లో ఉన్న మురికి 150 రెట్లు చిక్కబడుతుంది. రిపోర్టులు దిద్ది పంపాను. ఈలోపే ఆ ఇద్దరూ సరుకును ధర తగ్గించి అమ్ముకున్నారు. ఆ డబ్బు మళ్లీ వాళ్లకు రాలేదు. ఇప్పటికీ ఎండుమిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని యార్డుకు పోయే ట్రాక్టర్ కనబడితే ఆ ఇద్దరే గుర్తొస్తారు.

అందుకని చెబుతున్నాను, సీసాలోంచి బయటికొచ్చింది మళ్లీ సీసాలోకి పోకూడదు. కావలసినంత చిన్న బీకర్లోకి ఒంపుకో, మిగిలితే వేస్ట్ డబ్బాలో పొయ్యి. పెద్ద సీసాలోకి పిపెట్ దిగనివ్వకు. ప్రతి బ్యాచ్‌తోనూ శాంపిల్ లేని బ్లాంక్ ఒకటి నడిపించు. కొత్త లాట్ సాల్వెంట్ వచ్చినప్పుడు కంపెనీ సర్టిఫికెట్ చూసి ఊరుకోకుండా, నువ్వే ఒకసారి ఆవిరి చేసి చూశాకే వాడకానికి వదులు.

ప్లాస్టిక్ దగ్గర చాలామంది మోసపోతారు. అసిటోన్, హెక్సేన్ లాంటివి మెత్తటి ప్లాస్టిక్‌లోంచి దాన్ని మెత్తబరిచే థాలేట్లను లాగేస్తాయి. మాస్ స్పెక్ట్రంలో (అణువుల ముక్కల బరువు చూపే గ్రాఫులో) 149 దగ్గర అదేపనిగా పీక్ వస్తుంటే మిరపకాయను అనుమానించకు, ముందు రబ్బరు ట్యూబు, వాష్ బాటిల్, మూత చూడు. వాష్ బాటిల్లోని అసిటోన్ గాజుసామాను తొలవడానికే. పారాఫిల్మ్ (మూతులకు చుట్టే సాగే మైనపు పొర) హెక్సేన్‌కు కరుగుతుంది, దానితో సీసా మూతి చుట్టొద్దు. లోపల టెఫ్లాన్ ఉన్న మూతలు తెప్పించు. లేబుల్ మీద మార్కర్‌తో రాస్తే ఒక్క చుక్క అసిటోన్‌కే చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటించు. ఇంకోటి, మిర్చి గ్రైండ్ చేసే గదిలో సాల్వెంట్ సీసా మూత తియ్యనివ్వకు. రంగు పరీక్షకు పొడిని అసిటోన్‌లో 16 గంటలు చీకట్లో నానబెట్టి 460 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తాం కదా, గాల్లో తేలే ఆ ఎర్రదుమ్ము సీసాలో పడిందంటే అసిటోనే రంగు తేలుతుంది.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మ అంటుండేది. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గది దానికి పొయ్యి మీద గిన్నెతో సమానం. అసిటోన్, హెక్సేన్‌ల ఫ్లాష్ పాయింట్లు (అంటుకునేంత ఆవిరి పుట్టే కనీస ఉష్ణోగ్రతలు) మైనస్ 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, అంటే మన ఊళ్లో ఏ రుతువులోనైనా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటాయి. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడే పాకి పక్కగదిలో ఉన్న ఇన్వర్టర్ దాకా పోగలదు. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైనెక్కడో ఉంటే చాలదు, కిందిభాగంలో గాలి బయటికి పోయే దారి ఉందో లేదో చూడు. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో ఈథర్ పెట్టనివ్వకు, లోపలి థర్మోస్టాట్ స్విచ్ రవ్వ చాలు. రవ్వ పుట్టని ఫ్రిజ్ కొనమని మేనేజరుతో గట్టిగా వాదించు. డ్రమ్ములోంచి డబ్బాలోకి ఒంపేటప్పుడు రెండింటికీ తీగ కలిపి ఎర్త్ చేయించు.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఐసోప్రొపైల్ ఈథర్. ఒక కొత్తచోట చేరినప్పుడు స్టాక్ లెక్క చూస్తూ అన్నిటికంటే కింది అరలో వెనకవైపు టార్చి వేశాను. దుమ్ము కప్పిన అంబర్ సీసా. మూత అంచు చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి సన్నని పలుకులు. పక్కనున్నబ్బాయి తీద్దామని చెయ్యి చాపాడు, మణికట్టు పట్టుకుని ఆపాను. అవి ఈథర్‌కు గాలి తగిలి పుట్టే పెరాక్సైడ్ స్ఫటికాలు, మూత తిప్పితే ఆ ఒరిపిడికే పేలొచ్చు. గది ఖాళీ చేయించి, తాళం వేసి, ఆ పని తెలిసినవాళ్లను పిలిపించాం. అలాంటిది కనబడితే నువ్వూ అంతే చెయ్యి, కదిలించకు.

ఈథర్లు, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్) గాలి తగిలితే పెరాక్సైడ్లు కడతాయి. వచ్చిన తారీఖు, మూత తీసిన తారీఖు రెండూ సీసా మీదే ఉండాలి. తీసిన ఆరు నెలలకు మించి ఉంచకు, మూడు నెలలకోసారి పరీక్ష చెయ్యి. గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్‌లో పొటాషియం అయొడైడ్‌ను అప్పటికప్పుడు 10 శాతం కలిపి, అది ఒక మిల్లీలీటరు, సాల్వెంట్ ఒక మిల్లీలీటరు కలిపి చూడు. లేత పసుపు తిరిగితే పెరాక్సైడ్ మొదలైందన్నమాట, గోధుమరంగు తిరిగితే ఆ సీసా ఇక వాడకూడదు. పరీక్ష చెయ్యకుండా ఎవరినీ ఈథర్ డిస్టిల్ చెయ్యనివ్వకు, అడుగంటే కొద్దీ పెరాక్సైడ్ అంతా అక్కడే చేరుతుంది. క్లోరోఫామ్‌నూ వెలుతురులో ఉంచకు, గాలీ వెలుతురూ కలిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

వేస్ట్ డబ్బాల మీద ఏం పోశారో రాయించు. క్లోరోఫామ్‌కు వేరే డబ్బా పెట్టు, దాంట్లో అసిటోన్ పడకూడదు, క్షారం తోడైతే భగ్గుమంటుంది. నైట్రిక్ ఆసిడ్ ఏ సాల్వెంట్ వేస్ట్ దరిదాపుల్లోకీ రాకూడదు. డబ్బాను గొంతు దాకా నింపొద్దు.

రేపు వెళ్లగానే ముందు ఈథర్ అర చూడు. చేత్తో తాకకుండా టార్చి వేసి, మూత తీసిన తారీఖు లేని సీసాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను, ఇద్దరం కూర్చుని రిజిస్టరు రాద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య